పొటాషియం నైట్రేట్ 13-0-45: పైరుకు మేలు, కొట్టంలో జాగ్రత్త

పత్తి, మిరప, మామిడి పండించే ఊళ్లలో ఎరువుల దుకాణానికి వెళ్లి "పదమూడు సున్నా నలభై అయిదు" అంటే చాలు, దుకాణదారు మారు ప్రశ్న వేయకుండా కిలో ప్యాకెట్ తీసి బల్ల మీద పెడతాడు. ఖమ్మం జిల్లాలో మా వైపు ఈ మూడు పంటలూ ఉన్నాయి కాబట్టి, కొన్నేళ్లుగా ఈ ఎరువును మూడింటి మీదా వాడుతున్నాను. వేర్వేరు కంపెనీల కిలో ప్యాకెట్లూ, తోటి రైతులతో కలిసి తెచ్చుకున్న 25 కిలోల బస్తాలూ విప్పి చూశాను. ఈ సమీక్ష ఏ ఒక్క కంపెనీ సరుకు గురించో కాదు, 13-0-45 అనే సరుకు గురించి. పంటకు చేసే మేలు విషయంలో దీనికి నిస్సంకోచంగా మంచి మార్కులు వేస్తాను. అయితే దీన్ని అమ్మే తీరు, ఇళ్లలో దాచుకునే తీరు, ప్యాకెట్ మీద రాయకుండా వదిలేసే సంగతులు చూస్తే మాత్రం ఆందోళన కలుగుతుంది. కనుక ఆ రెండో సగం గురించి కాస్త ఎక్కువే రాస్తున్నాను.

ముందుగా సరుకు ఏమిటో చెప్పుకుందాం. ప్యాకెట్‌లో ఉండేది పొటాషియం నైట్రేట్, అంటే మన పెద్దలు పెట్లుప్పు అనీ, సురేకారం అనీ పిలిచిన లవణమే. ఐరోపా వర్తక కంపెనీలు 17, 18 శతాబ్దాలలో మన దేశం నుంచి, ప్రధానంగా బీహార్ ప్రాంతం నుంచి, ఓడలకు ఓడలు నింపి తీసుకుపోయిన సరుకు ఇది. వాళ్లకు అది కావలసింది పొలాలకు కాదు, తుపాకి మందుకు. ఇప్పుడు అదే లవణం శుద్ధి చేసిన తెల్లటి స్ఫటికాల రూపంలో, నీటిలో పూర్తిగా కరిగే ఎరువుగా మన చేతికి వస్తోంది. 1985 నాటి ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం ఇందులో నత్రజని కనీసం 13 శాతం, అదీ పూర్తిగా నైట్రేట్ రూపంలోనే ఉండాలి. నీటిలో కరిగే పొటాష్ కనీసం 45 శాతం ఉండాలి. తేమ అర శాతానికి మించరాదు. నీటిలో కరగని మడ్డి 0.05 శాతం దాటరాదు. మధ్యలో ఉన్న సున్నాకు అర్థం భాస్వరం లేదని.

పదమూడూ నలభై అయిదూ కలిపితే యాభై ఎనిమిదే కదా, మిగతా నలభై రెండు పాళ్లు ఏం కలిపారు అని మా ఊళ్లో చాలామంది అడుగుతారు. ఇది న్యాయమైన ప్రశ్న, దీనికి సూటి జవాబు ఉంది. అందులో కలిపిన నాసిరకం పొడి ఏదీ లేదు. ఎరువుల లెక్కలో పొటాషియాన్ని దాని ఆక్సైడ్ రూపంలో లెక్కగట్టడం ఆనవాయితీ. అసలు మూలకాల లెక్కకు వస్తే, స్వచ్ఛమైన పొటాషియం నైట్రేట్ నూరు పాళ్లలో దాదాపు 39 పాళ్లు పొటాషియం, 14 పాళ్లు నత్రజని, తక్కిన 47 పాళ్ల పైచిలుకు ఆక్సిజన్. అంటే కిలో ప్యాకెట్‌లో దాదాపు సగం బరువు ఆక్సిజన్‌దే. పైరుకు దానితో ప్రత్యేకంగా పని లేదు కనుక సంచి మీద ఆ అంకె వేయరు. కానీ నిప్పుకు కావలసింది సరిగ్గా అదే. ఈ ఎరువును ఆక్సీకారిణి అనడానికి కారణం ఆ అచ్చు వేయని అంకెలోనే ఉంది.

కరిగే గుణంలో ఈ సరుకు నిజంగా నాణ్యమైనది. 20 డిగ్రీల వేడి ఉన్న లీటరు నీటిలో దాదాపు 316 గ్రాములు కరుగుతుంది; మనం పిచికారీకి వాడే మోతాదు లీటరుకు 10 గ్రాములే కాబట్టి అడుగున గసి మిగలడం, స్ప్రేయర్ నాజిల్ పట్టేయడం అనే బాధ ఉండదు. ఎర్ర పొటాష్‌ను, అంటే పొటాషియం క్లోరైడ్ ఎరువును, బకెట్లో కలిపి, గుడ్డలో వడకట్టి, అయినా నాజిల్ ఊడదీసి శుభ్రం చేసుకునే పని పడినవాళ్లకు ఈ తేడా విలువ తెలుస్తుంది. అయితే ఇక్కడ ఒక చిన్న విషయం తెలియక చాలామంది మంచి సరుకును కల్తీ సరుకని అనుమానిస్తున్నారు. పొటాషియం నైట్రేట్ కరిగేటప్పుడు నీటిలోని వేడిని పీల్చుకుంటుంది. పది లీటర్ల బకెట్లో రెండు కిలోలు ఒక్కసారిగా పోసి కర్రతో తిప్పితే నీళ్లు ముందున్న వేడికన్నా పదిహేను డిగ్రీల దాకా చల్లబడతాయి. ఉదయం పూట గాలిలో తేమ ఉంటే బకెట్ బయటివైపు మంచునీళ్ల గ్లాసుకు పట్టినట్టు చెమ్మ పడుతుంది. నీరు చల్లబడిన కొద్దీ ఈ లవణం కరిగే శక్తి కూడా వేగంగా తగ్గిపోతుంది. దాంతో చివరి గుప్పెడు స్ఫటికాలు ఎంత తిప్పినా కరగక, బకెట్ అడుగున ఇసుకలా గరగరలాడుతూ కర్రకు తగులుతుంటాయి. అది ఇసుక కాదు. ఇంకో అయిదు లీటర్ల నీళ్లు పోసినా, పావుగంట ఎండలో ఉంచినా మాయమవుతుంది. ముందు పది లీటర్లకు ఒక కిలో చొప్పున కరిగించి, తర్వాత డ్రమ్ములోని మిగతా నీళ్లలో కలుపుకుంటే అసలు ఈ సమస్యే రాదు.

నీళ్లు చల్లబడ్డాయి కాబట్టి సరుకు అసలైనదే అని తీర్మానించుకోవడం కూడా తప్పే, ఎందుకంటే యూరియా కూడా నీటిని అలాగే చల్లబరుస్తుంది. కొందరు చిటికెడు పొడిని నిప్పుల మీద చల్లి చిటపటలాడితే నికార్సయినది అంటారు. ఆ పరీక్ష చేయవద్దని గట్టిగా చెబుతాను. పక్కన తెరిచిన ప్యాకెట్ పెట్టుకుని నిప్పుతో ఆడే పని అది, పైగా దానివల్ల పొటాష్ శాతం ఎంతో తెలియదు. అనుమానం ఉంటే రశీదుతో సహా మండల వ్యవసాయ అధికారి దగ్గరకు వెళ్లి నమూనా తీయించి ప్రయోగశాలకు పంపించడం ఒక్కటే సరైన దారి. అందుకే రశీదు లేకుండా ఈ ప్యాకెట్ కొనకూడదు.

ఇక పంట విషయానికి వస్తే, పత్తిలో ఈ ఎరువు తన విలువను బాగా నిరూపించుకుంది. కాయ ఊరే దశలో మొక్క వేళ్ల ద్వారా పీల్చుకునే పొటాష్ సరిపోక, ఆకుల్లోని పొటాష్ కాయల్లోకి తరలిపోతుంది. అప్పుడు ముదురాకుల అంచులు పసుపెక్కి మాడినట్టవుతాయి. పూత, కాయ దశల్లో లీటరుకు 10 గ్రాముల చొప్పున వారం పది రోజుల ఎడంతో రెండు మూడు సార్లు పిచికారీ చేయడం వ్యవసాయ విశ్వవిద్యాలయాలు చెప్పే పద్ధతి, మా అనుభవంలోనూ ఫలితమిచ్చిన పద్ధతి. మరో ముఖ్యమైన సందర్భం ఎడతెగని వానలు. నల్లరేగడి చేలల్లో రోజుల తరబడి నీళ్లు నిలిచినప్పుడు వేళ్లకు గాలి ఆడక, భూమిలో ఎరువు ఉన్నా మొక్క తీసుకోలేని స్థితి వస్తుంది. అప్పుడు నీళ్లు బయటికి తీసేసి, ఆకుల మీద 13-0-45 గానీ లీటరుకు 20 గ్రాముల యూరియా గానీ కొడితే మొక్క మళ్లీ తేరుకుంటుంది. ఆ పని ఎర్ర పొటాష్‌తో కాదు.

కానీ ఈ ప్రశంసను దుకాణాల్లో సాగదీసి చెప్పే పద్ధతిని ఒప్పుకోలేను. "ఇది కొడితే కింద పొటాష్ వేయనక్కర్లేదు" అన్న మాట నేను చాలాసార్లు విన్నాను. లెక్క వేసి చూద్దాం. ఎకరానికి 200 లీటర్ల మందు నీళ్లు పడతాయనుకుంటే, లీటరుకు 10 గ్రాముల చొప్పున రెండు కిలోల 13-0-45 అవుతుంది. అందులో పొటాష్ 900 గ్రాములు, నత్రజని 260 గ్రాములు. తెలంగాణలో పత్తికి సిఫారసు చేసే మోతాదు ఎకరానికి 48 కిలోల నత్రజని, 24 కిలోల భాస్వరం, 24 కిలోల పొటాష్. మూడుసార్లు పిచికారీ చేసినా ఆ 24 కిలోల్లో మూడు కిలోలు కూడా నిండవు. ఆకు మీద కొట్టేది అవసరమైన వేళ అందించే చేయూత మాత్రమే. నేలకు వేయాల్సిన ఎరువుకు అది బదులు కాదు. ఈ తేడా తెలిసి కొన్నవాళ్లకు ఈ ఎరువు ఎన్నడూ నిరాశ కలిగించదు, తెలియక కొన్నవాళ్లే తర్వాత దీన్ని తిడతారు.

మామిడిలో దీని కథ మరింత ఆసక్తికరమైనది. ఫిలిప్పీన్స్ శాస్త్రవేత్త రామోన్ బార్బా 1970లలో ఒక్క శాతం పొటాషియం నైట్రేట్ ద్రావణం పిచికారీ చేసి మామిడి చెట్లలో పూత తెప్పించవచ్చని నిరూపించాడు. ఆ దేశపు కారబావ్ మామిడి సాగు స్వరూపమే దాంతో మారిపోయింది. 2014లో ఆ దేశం ఆయనను జాతీయ శాస్త్రవేత్తగా గౌరవించింది. ఒక చవకైన లవణం, పది గ్రాముల మోతాదు, ఒక దేశపు తోటల రాబడి మారడం, ఇలాంటి పరిశోధనల గురించి చదివినప్పుడల్లా నాకు ఆ శాస్త్రవేత్తల మీద గౌరవం పెరుగుతుంది. అయితే ఆ ఫలితాన్ని యథాతథంగా మన బంగినపల్లి మీద ఆశించడం సరికాదు. కారబావ్ స్పందించినంత గట్టిగా మన రకాలు స్పందించవు. ఆకులు బాగా ముదిరి, మొగ్గ లోపల పూతకు సిద్ధమై, కేవలం పగలడానికి వెనకాడుతున్న చెట్టులో ఇది పనిచేస్తుంది. ఇంకా లేత ఎరుపు తగ్గని చిగుళ్ల మీద కొడితే పూతకు బదులు కొత్త చిగుళ్లే వస్తాయి. పూత ఆలస్యమైన ఏడు లీటరుకు 10 గ్రాముల 13-0-45, 5 గ్రాముల యూరియా కలిపి కొట్టమని మన ఉద్యాన అధికారులు చెబుతుంటారు. పిందె బఠాణీ గింజంత అయ్యాక మరోసారి 10 గ్రాముల మోతాదులో కొడితే పిందె రాలడం కొంత తగ్గి, కాయ సైజు మెరుగుపడడం మా తోటలో గమనించాను. నా దృష్టిలో మామిడి రైతుకు ఈ రెండో పిచికారీయే మొదటిదానికన్నా నమ్మదగినది.

మిరపలో కాయ దశలో వాడకం దాదాపు పత్తి మాదిరిగానే ఉంటుంది కాబట్టి విడిగా చెప్పను. పొగాకు సంగతి మాత్రం ఒక్క మాట చెప్పాలి. ఎర్ర పొటాష్‌లో బరువులో దాదాపు సగం క్లోరైడ్ ఉంటుంది, అది పొగాకు ఆకులో చేరితే ఆకు సరిగా కాలదు, ధర పడిపోతుంది. అందుకే ఆ రైతులు ఎర్ర పొటాష్ జోలికి పోకుండా పొటాషియం సల్ఫేట్ గానీ నైట్రేట్ గానీ వాడతారు. 13-0-45లో క్లోరైడ్‌కు నిబంధన ప్రకారం ఒకటిన్నర శాతమే హద్దు. చవుడు తగిలిన నేలల్లో, డ్రిప్ ద్వారా ఎరువు ఇచ్చేవాళ్లకు కూడా ఇది పెద్ద సౌలభ్యం. డ్రిప్ ట్యాంకులో కాల్షియం నైట్రేట్‌తో పొటాషియం సల్ఫేట్ కలిపితే జిప్సం గడ్డకట్టి పైపులు పూడుకుపోతాయి. పొటాషియం నైట్రేట్‌తో ఆ ఇబ్బంది లేదు.

ధర విషయంలో దీన్ని చవక సరుకు అనలేం. మా దగ్గర కిలో ప్యాకెట్ రెండు వందల రూపాయలకు కాస్త అటూ ఇటూగా పడుతోంది. 45 కిలోల యూరియా బస్తా సబ్సిడీతో 266 రూపాయల 50 పైసలకు వస్తుందని గుర్తు చేసుకుంటే తేడా అర్థమవుతుంది. ఎకరానికి ఒక పిచికారీకి నాలుగు వందలు, కూలీ అదనం. బస్తా తీసుకుని నలుగురు పంచుకుంటే కిలోకు చెప్పుకోదగినంత తగ్గుతుంది. కానీ బస్తా విప్పి పాత యూరియా సంచుల్లో, నూనె డబ్బాల్లో పంచుకునే అలవాటు నాకు అసలు నచ్చదు. ఆ కారణం దగ్గరే నా అసలు ఫిర్యాదు మొదలవుతుంది.

పెద్ద బస్తాల మీద సాధారణంగా పసుపు రంగు పలక ఆకారపు గుర్తు ఉంటుంది. అందులో ఒక వలయం, దాని మీద మంట బొమ్మ, కింద 5.1 అనే అంకె. ప్రమాదకర వస్తువుల రవాణాకు ఐక్యరాజ్యసమితి పెట్టిన వర్గీకరణలో పొటాషియం నైట్రేట్ సంఖ్య 1486, అది 5.1 వర్గానికి చెందిన ఆక్సీకారక పదార్థం. అదే సరుకు కిలో ప్యాకెట్‌లోకి మారేసరికి, నేను కొన్న వాటిలో కొన్నింటి మీద ఆ గుర్తు కనబడలేదు. నిగనిగలాడే మిరపకాయల బొమ్మ ఉంది, మోతాదు ఉంది, "చల్లని పొడి ప్రదేశంలో నిల్వ చేయండి" అన్న ఒక్క వాక్యం ఉంది. దేనికి దూరంగా ఉంచాలో లేదు. తెలుగులో అయితే ఆ ఒక్క వాక్యం కూడా లేదు. రైతు చేతికి, కూలీ చేతికి, ఇంట్లో పిల్లల చేతికి అందేది కిలో ప్యాకెటే. అలాంటప్పుడు బస్తా మీద వేసిన గుర్తును ప్యాకెట్ మీద మానేయడం నాకు ఏ విధంగానూ సమర్థనీయంగా కనిపించదు.

ఆ గుర్తు చెప్పే విషయం ఏమిటంటే, ఈ లవణం తనంతట తాను మండదు, కానీ మండే వస్తువుకు తన ఆక్సిజన్ ఇచ్చి మంటను ఎన్నో రెట్లు పెంచుతుంది. 334 డిగ్రీల దగ్గర కరిగి ద్రవమవుతుంది, 400 డిగ్రీలు దాటాక విచ్ఛిన్నమై ఆక్సిజన్‌ను వదులుతుంది. ఇప్పుడు మన ఎరువుల దుకాణం అరను ఒకసారి చూడండి. మిరపలో, మామిడిలో బూడిద తెగులుకు వాడే గంధకం పొడి ప్యాకెట్లు, వాటి పక్కనే 13-0-45 ప్యాకెట్లు. రెండూ నీటిలో కలిపే తెల్ల, పసుపు పొడులే కదా అని ఒకే అరలో సర్దుతారు. గంధకం, బొగ్గు, పెట్లుప్పు కలిస్తే ఏమవుతుందో మందుగుండు చరిత్ర తెలిసిన అందరికీ తెలుసు. నీళ్లలో పలచగా కలిసినప్పుడు ఆ భయం లేదు. చిరిగిన ప్యాకెట్ల నుంచి రాలిన పొడులు అర మీద పొడిగా కలిసిపోయినప్పుడే ముప్పు. మా పట్టణంలో నేను సరుకు కొనే ఒక దుకాణంలో ఈ విషయం చెబితే యజమాని శ్రద్ధగా విని, గంధకాన్ని ఎదురు గోడ అరలోకి మార్చారు. మరో చోట ఆ మాటే పట్టించుకోలేదు. దుకాణాన్ని ఎంచుకునేటప్పుడు నేను ధర తర్వాత చూసేది ఇదే.

ఇళ్లలో పరిస్థితి ఇంకా కలవరపెట్టేది. పత్తి ఏరిన తర్వాత ధర కోసం ఎదురుచూస్తూ ముందు గదిలోనో వసారాలోనో గుట్ట పోస్తాం. అదే గదిలో గోడవారగా ఎరువు సంచులూ, మోటారు కోసం తెచ్చిన డీజిల్ డబ్బా కూడా ఉంటాయి. పొటాషియం నైట్రేట్ ద్రావణం పీల్చుకుని ఆరిన దూది, గుడ్డ, కాగితం మామూలు వాటిలా నిదానంగా అంటుకోవు, నిప్పు తగిలిన క్షణంలో సుర్రున పాకుతాయి. పాతకాలపు మందుగుండు వత్తులను ఈ లవణపు నీటిలో నానబెట్టి ఆరబెట్టేవారంటే నిప్పు ఆరకుండా పాకడం కోసమే. స్ప్రేయర్ తుడిచిన గుడ్డను, చిమ్మిన మందు పడ్డ గోనెసంచిని అలాగే పత్తి మీద పడేయడం ఎంత ప్రమాదమో దీన్నిబట్టి ఊహించుకోవచ్చు. ఈ ఎరువును పత్తికి, వరిగడ్డికి, రంపపు పొట్టుకు, బొగ్గుకు, డీజిల్‌కు, గంధకానికి దూరంగా, సొంత ప్యాకెట్‌లోనే, నేల తేమ తగలని అర మీద, పిల్లలకు అందనంత ఎత్తులో పెట్టాలి. పంచుకునేటప్పుడు పాత నూనె డబ్బాలు వద్దన్నది ఇందుకే. బీడీ, చుట్ట సంగతి వేరుగా చెప్పనక్కరలేదు.

ఇక్కడ అనవసర భయాన్ని కూడా తొలగించాలి. 2020 ఆగస్టు 4న బీరూట్ ఓడరేవులో జరిగిన మహా విస్ఫోటనం తర్వాత, నైట్రేట్ అన్న పేరున్న ప్రతి ఎరువూ పేలుతుందేమోనని చాలామంది బెదిరిపోయారు. అక్కడ ఉన్నది దాదాపు 2,750 టన్నుల అమోనియం నైట్రేట్. అది వేరే లవణం, దాని గుణాలు వేరు. పొటాషియం నైట్రేట్‌లో మండే భాగం ఏదీ లేదు, కాబట్టి తనంతట తాను పేలదు. దానికి తోడు దొరకకుండా చూసుకోవడమే మన పని.

ఒకవేళ నిల్వ ఉన్నచోట నిప్పు అంటుకుంటే అలవాటైన పద్ధతులు కొన్ని పనిచేయవు. తడి గోనె కప్పడం, ఇసుక పోయడం, పొడి మందు చల్లే సిలిండర్ వాడడం ఇవన్నీ గాలిని ఆపి మంటను చంపే ఉపాయాలు; ఈ లవణం కలిసిన మంటకు బయటి గాలితో అవసరమే లేదు. పుష్కలంగా నీళ్లు కొట్టడమే దీనికి విరుగుడు, అదీ దూరం నుంచి, ఎందుకంటే కరిగి మరుగుతున్న లవణం మీద నీళ్లు పడితే చిమ్ముతుంది. పొగ మన మీదికి వచ్చే వైపు నిలబడకూడదు. మంటలోంచి గోధుమ ఎరుపు పొగ వస్తే అది నైట్రోజన్ ఆక్సైడ్ వాయువు; పీల్చినప్పుడు కాస్త దగ్గే అనిపించినా గంటల తర్వాత ఊపిరితిత్తుల్లో నీరు చేరే ప్రమాదం ఉంది, కాబట్టి ఆ పొగ పీల్చినవారిని బాగానే ఉన్నా ఆసుపత్రిలో చూపించాలి. మనవల్ల కాదనిపిస్తే క్షణం ఆగకుండా 101కి ఫోన్ చేసి, లోపల ఏ ఎరువు ఉందో పేరుతో సహా చెప్పాలి.

పశువుల విషయంలో ఈ ఎరువు నిప్పుకన్నా దగ్గరి ముప్పు. ఇది ఉప్పగా ఉంటుంది, పశువులకు ఉప్పంటే ప్రాణం. ఖాళీ సంచిని, కలిపిన బకెట్‌ను, చేను గట్టున వదిలేసిన ట్యాంకు అడుగు నీళ్లను అవి వెతుక్కుంటూ వచ్చి నాకుతాయి. మేత నెమరు వేసే పొట్టలో సూక్ష్మజీవులు నైట్రేట్‌ను నైట్రైట్‌గా మారుస్తాయి. ఆ నైట్రైట్ రక్తంలోకి చేరి ప్రాణవాయువును మోసే శక్తిని చంపేస్తుంది. పశువు ఆయాసపడుతుంది, తూలుతుంది, చిగుళ్లు నీలి గోధుమ రంగుకు తిరుగుతాయి, రక్తం ఎర్రగా కాక కాఫీ రంగులో కనిపిస్తుంది. దీనికి పశువైద్యులు మిథిలీన్ బ్లూ ఇంజెక్షన్‌తో చికిత్స చేస్తారు, కానీ గంటల వ్యవధే ఉంటుంది. పశువు సంచి నాకిందని చెప్పగలిగితే వైద్యుడికి సగం పని తగ్గుతుంది. ఈ హెచ్చరిక నేను చూసిన ఏ కిలో ప్యాకెట్ మీదా లేదు, పాడి ఉన్న ప్రతి ఇంటికీ ముందుగా చెప్పవలసింది మాత్రం ఇదే.

మనుషులకు ఈ లవణం తీవ్రమైన విషమేమీ కాదు. పళ్లు జివ్వుమనకుండా వాడే కొన్ని టూత్‌పేస్టుల్లో ఇది 5 శాతం దాకా ఉంటుంది. అయినా ఎరువు మోతాదులో అది కడుపులోకి వెళ్లకూడదు. పసిపిల్లలకు మరీ ప్రమాదం, పశువుకు జరిగినట్టే వాళ్ల రక్తానికీ జరుగుతుంది. తాగునీటిలో నైట్రేట్ లీటరుకు 45 మిల్లీగ్రాములు మించరాదని మన దేశపు ప్రమాణం. ఒక కిలో పొటాషియం నైట్రేట్‌లో 600 గ్రాములకు పైగా నైట్రేటే ఉంటుంది, అంటే ఒక్క కిలో పడితే చాలు పదమూడు వేల లీటర్లకు పైగా నీరు ఆ హద్దు దాకా వెళ్తుంది. బోరు గట్టున, బావి ఒరన బకెట్లు కడిగే అలవాటును ఈ అంకె ముందు పెట్టి ఆలోచించండి. కలిపేటప్పుడు పొడి కంట్లో పడితే పావుగంట సేపు ధారగా నీళ్లతో కడగాలి. చేతి గాయాలకు తగిలితే మంట పుడుతుంది, చేతి తొడుగులు ఉంటే మంచిది. పిచికారీ ఉదయం గానీ సాయంత్రం గానీ చేయాలి; మిట్టమధ్యాహ్నం కొడితే, లేదా పని తొందరగా అవుతుందని మోతాదు రెట్టింపుకు మించి పెంచితే, నీళ్లు ఆరిపోయి మిగిలిన లవణం లేత ఆకుల కొసలను మాడ్చేస్తుంది.

నిల్వ గుణం గురించి అడిగేవారికి ఒక సంతోషకరమైన సంగతి ఉంది. కాల్షియం నైట్రేట్ గాలిలో తేమ పీల్చి రెండు రోజుల్లో ముద్దవుతుంది. ఇది అలా కాదు, మామూలు వాతావరణంలో పొడిగానే ఉంటుంది, మూతి గట్టిగా కట్టిన ప్యాకెట్ మరుసటి సీజన్‌కు కూడా తన బలం కోల్పోదు. వానాకాలంలో కొంచెం గడ్డకట్టినా అందులోని పోషకాలు ఎక్కడికీ పోవు. ఆ గడ్డలను ప్యాకెట్ పైనుంచే చెక్కతో మెల్లగా తట్టి విడగొట్టాలి, లేదా నేరుగా నీళ్లలో వేసి కరిగించుకోవాలి. రోట్లో వేసి దంచడం, మిక్సీలో వేయడం, వేరే పొడులతో కలిపి నూరడం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకూడదు. ఖాళీ అయిన ప్యాకెట్‌ను మూడుసార్లు నీళ్లతో కడిగి, ఆ నీళ్లను అదే స్ప్రే ట్యాంకులో పోసుకుంటే ఎరువూ దండగ కాదు, పశువు నాకేందుకూ ఏమీ మిగలదు. కడగని ఖాళీ సంచులను పొయ్యి రాజేయడానికి వాడే ఇళ్లు మా ఊళ్లోనే ఉన్నాయి. అది వెంటనే మానుకోవాలి.